అడుగవలసిన ప్రశ్న

ఒక దృశ్యమును ఊహించుకొందము. రాత్రి పది గంటలు దాటినది. జిల్లా ఆసుపత్రిలోని అత్యవసర విభాగమునకు పదునేడేండ్ల బాలికను తండ్రియు, మేనమామయు ఆటోలో తీసికొనివచ్చిరి. ఇంటర్మీడియట్ పరీక్షలో ఒక సబ్జెక్టు తప్పినది. తనకు తాను హాని చేసికొన్నది. వైద్యుడు చేయవలసిన చికిత్స అంతయు సకాలమున చేసెను. తెల్లవారుసరికి ప్రాణాపాయము తప్పినది. నర్సు సెలైను సీసా మార్చుచు, “ఏమ్మా, నీకేం తక్కువ చేశారని ఇంత పని చేశావు? అమ్మానాన్నల సంగతి ఆలోచించావా?” అని మందలించెను. ఆ మాటలలో క్రౌర్యము లేదు. మన ఇండ్లలో పెద్దలు ప్రేమతో పలుకు మాటలే అవి. బాలిక గోడవైపు తిరిగి పడుకొన్నది. మూడవనాడు ఇంటికి పంపివేసిరి. ఆమె ఎందుకట్లు చేసినదో, ఆ తలంపు మరల వచ్చుచున్నదో లేదో ఆ మూడు దినములలో ఒక్కరును అడుగలేదు.

ఎట్లు అడుగవలెనో వారికి ఎవరును నేర్పలేదు. హృదయము ఆగినచో ఏమి చేయవలెనో వైద్య విద్యార్థిచేత బొమ్మపై పదిమార్లు అభ్యాసము చేయింతురు. బ్రతుకు మీద ఆశ సన్నగిల్లిన బిడ్డతో మాటలాడుట మాత్రము ఎవరికి వారు స్వభావసిద్ధముగా నేర్చుకొందురని మనము భావించుచున్నాము.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరి. వారిలో 13,044 మంది విద్యార్థులు. ప్రపంచమంతటను 15 మొదలు 29 ఏండ్ల వరకు గల వారి మరణకారణములలో ఇది మూడవదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021వ సంవత్సరపు అంచనా. ఒకమారు తనకు తాను హాని చేసికొని బయటపడినవారికి మరల అట్టి అపాయము కలుగు అవకాశము ఇతరులకంటె చాల హెచ్చు. కావుననే నివారణకు ఆసుపత్రి మంచము వంటి చోటు మరియొకటి లేదు.

అడిగినచో లేని ఆలోచనను మనమే పుట్టించిన వారమగుదుమేమో యను భయము వైద్యులలోను, ఉపాధ్యాయులలోను బలముగా నున్నది. న్యూయార్కు రాష్ట్రములోని ఆరు ఉన్నత పాఠశాలలలో 2,342 మంది విద్యార్థులతో జరిపి, 2005లో ప్రకటించిన పరిశోధన ఈ భయమును పరీక్షకు పెట్టినది. కొందరిని ఆత్మహత్యను గూర్చి సూటిగా ప్రశ్నించి, తక్కినవారిని ప్రశ్నింపక విడిచి, రెండు దినముల తరువాత ఉభయులను పరిశీలించిరి. ప్రశ్నింపబడిన వారిలో ఆందోళన గాని, ఆ తలంపు గాని హెచ్చలేదు. అప్పటికే కుంగుబాటుతో నున్నవారికి, పూర్వము ప్రయత్నము చేసినవారికి బాధ కొంత తగ్గినట్లే కనబడినది.

ఇక అడుగు తీరు. “అట్లాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?” అను ప్రశ్న మన ఆసుపత్రులలో సాధారణముగా వినవచ్చును. దానిలోనే “లేవండీ” అను జవాబు ఇమిడియున్నది. రోగి దానిని తిరిగి అప్పగించును, అంతే. “బాధ ఎక్కువైనప్పుడు చచ్చిపోవాలని అనిపిస్తుందా?” అని నిదానముగా, తలిదండ్రులను కొంచెముసేపు వరండాలో కూర్చుండబెట్టి అడుగవలెను. అడిగి ఊరకుండవలెను. స్టూడియోలో మాకు నాలుగు సెకండ్ల నిశ్శబ్దము మహాపరాధము. శ్రోత రేడియో పాడైనదనుకొనును. ఆసుపత్రిలో ఆ నిశ్శబ్దము బిడ్డకు చెందిన సమయము. దానిని ఉపదేశముతో నింపకుండుట అన్నింటికంటె కష్టమైన విద్య యని నాకు తోచును. మా వృత్తివారికి ఇది ఎన్నటికి అబ్బునో సందేహమే.

ప్రశ్నావళి నింపి, మార్కులు వేసి, “అపాయము తక్కువ” అని ఇంటికి పంపు పద్ధతియు కొన్ని దేశములలో వ్యాపించినది. ఇంగ్లండులో నైస్ అను సంస్థ 2022 సెప్టెంబరులో వెలువరించిన మార్గదర్శకములు దీనిని స్పష్టముగా వలదన్నవి. ఎవరు మరల ప్రయత్నింతురో అట్టి కొలబద్దలు చెప్పజాలవు. మన పిల్లలను మార్కులతోనే ఇంతవరకు తెచ్చితిమి. ఇచ్చటనైనను మార్కులు మానుట మేలు. వాటికి మారుగా బిడ్డ పరిస్థితిని సమగ్రముగా విని, అతనితో కలిసి ఒక కాగితముపై రక్షణ ప్రణాళిక వ్రాయుట నేర్పుచున్నారు. ఆ తలంపు రాబోవుచున్నదని తెలుపు గుర్తులేమి, అప్పుడు మనస్సు మరల్చు పనులేమి, ఎవరికి ఫోను చేయవలెను, ఇంటిలో హానికరమైన వస్తువులను ఎవరు భద్రపరుతురు — ఇవి అన్నియు బిడ్డ మాటలలోనే ఉండవలెను.

ఇంతమాత్రమున ఫలమేమి యని అడుగువారికి మన పొరుగున చెన్నపట్టణమున జరిగిన పని యొకటి చెప్పవలసియున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యమున భారత, శ్రీలంక, చైనా, ఇరాను, బ్రెజిలు దేశములలో ఆత్మహత్యాయత్నము చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిని రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు మామూలు చికిత్స. రెండవ వర్గమునకు అదనముగా ఇంటికి పంపుటకు ముందు ఒక గంటసేపు సంభాషణ, పిదప పదునెనిమిది నెలలలో తొమ్మిదిమార్లు ఫోను చేసి గాని, ఇంటికి పోయి గాని పలుకరింపు. ఖరీదైన యంత్రము లేదు, కొత్త మందు లేదు. పదునెనిమిది నెలలు నిండునప్పటికి మామూలు చికిత్స పొందిన వర్గములో 18 మంది ఆత్మహత్య వలన మరణించిరి. రెండవ వర్గములో ఇద్దరు. ఈ ఫలితములు 2008లో ప్రకటింపబడినవి. ఆ పలుకరింపు చేసినవారు వైద్యులు, నర్సులు, మనస్తత్వవేత్తలు. అందుకై శిక్షణ పొందినవారు.

శిక్షణ ఒకమారు ఇచ్చిన చాలునా? స్వీడను దేశమునకు చెందిన గోట్లాండు ద్వీపము దీనికి సమాధానము చెప్పినది. 1983, 1984 సంవత్సరములలో అచ్చటి సాధారణ వైద్యులకు కుంగుబాటును గుర్తించుటలోను, చికిత్స చేయుటలోను శిక్షణ యిచ్చిరి. ఆత్మహత్యలు బాగుగా తగ్గినవి. మూడేండ్లు గడచునప్పటికి ఆ వైద్యులలో సుమారు సగము మంది ద్వీపమును విడిచిరి. లెక్క దాదాపు పూర్వస్థితికి వచ్చినది. మరియొక సంగతి. తగ్గుదల స్త్రీలలోనే కనబడినది. పురుషులు అసలు వైద్యుని వద్దకు వచ్చుటయే అరుదు. మన యువకులును నిద్రపట్టదని, తలనొప్పి యని ఊరి ఆర్‌ఎంపీ వద్దకో, మందుల దుకాణమునకో పోవుదురు గాని, మనసు బాగులేదని ఎవరితోను చెప్పరు. కావున శిక్షణ మానసిక వైద్యులతో ఆగరాదు. అత్యవసర విభాగపు నర్సు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు, ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త మొదట నేర్వవలెను; రెండు మూడేండ్లకొకమారు మరల నేర్వవలెను.

చట్టము సంగతియు వీరికి తెలియవలెను. పూర్వము ఆత్మహత్యాయత్నమునకు ఏడాది వరకు జైలుశిక్ష ఉండెడిది. ఆ భయముతో కుటుంబములు “పొరపాటున జరిగింది” అని వ్రాయించుకొని పోయెడివి. బిడ్డకు అందవలసిన సహాయము ఆ అబద్ధముతోనే తెగిపోయెడిది. 2018 మే 29 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అట్టివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావింపవలెనని చెప్పి, సంరక్షణ బాధ్యతను ప్రభుత్వముపై ఉంచినది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షను లేదు. ఆసుపత్రిలో తండ్రి చేతులు వణకుచున్నప్పుడు ఈ మాట చెప్పగలవాడు ఒకడు అచ్చట ఉండవలెను.

బిడ్డను ఇంటికి పంపునప్పుడు మందుల చీటీ వెనుక ఒక ఫోను నంబరు వ్రాసి యిచ్చుటయు ఈ శిక్షణలోని భాగమే. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416. రాత్రింబగళ్లు పనిచేయును, తెలుగులో మాటలాడవచ్చును, రుసుము లేదు. ఈ ప్రసంగమును చదువుచున్న వారిలో ఎవరికైన అట్టి బాధ ఉన్నచో, వారు ఆసుపత్రి మంచము వరకు పోనక్కరలేదు. ఇప్పుడే ఆ నంబరునకు ఫోను చేయవచ్చును.