రోజూ తొక్కే సైకిలు: రంగు చూసి కాదు, దావ చూసి కొనండి

రచ్చుమర్రి, మాధవరం వంటి ఊళ్ల నుంచి మంత్రాలయానికి లాడ్జి పనికో, అంగడి పనికో, బడికో వచ్చిపోయేవాళ్లు ఉన్నారు. పొద్దున్నే సద్ది కట్టుకుని చేనికి పోయే రైతులున్నారు. వీళ్లకు పెట్రోలు అడగని బండి సైకిలే. కానీ తళతళలు చూసి కొన్న సైకిలు ఆరు నెలలకే గోడకు ఆనుకుంటుంది. కూలి డబ్బు కూడబెట్టి కొనేవాళ్లకు అది చిన్న దెబ్బ కాదు.

ఏ రకం మేలు?

గేర్లు, స్ప్రింగు ఫోర్కు ఉన్న సైకిలు తక్కువ ధరకు వస్తోందంటే తొందరపడవద్దు. బరువు ఎక్కువ, సర్దుబాట్లు ఎక్కువ. గేరు చెడిపోతే దాని సామాను పల్లెలో దొరకదు. రోజువారీ పనికి 28 అంగుళాల చక్రాల మామూలు నల్ల సైకిలే నమ్మకం. హీరో, ఏవన్, హెర్క్యులస్ ఏదైనా సరే, ఈ రకానికి టైరు, చైను, గోళీలు ఎక్కడైనా దొరుకుతాయి. వెనక చక్రానికి 40, ముందు చక్రానికి 32 పుల్లలు ఉండటం దీని రివాజు. బరువంతా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి పాలక్యాన్లు, గడ్డిమోపులు మోసేవాళ్లు పుల్లలు లెక్కపెట్టి చూసుకోవాలి.

కొలత సరిపోవాలి

ఫ్రేము 20, 22, 24 అంగుళాల కొలతల్లో వస్తుంది. అడ్డకమ్మికి రెండు వైపులా కాళ్లు వేసి నిలబడండి. కమ్మికీ ఒంటికీ మధ్య కనీసం అంగుళం సందు ఉండాలి. సీటు మీద కూర్చుని, కింది పెడలు మీద మడమ పెడితే కాలు చక్కగా చాచుకోవాలి. సీటు కిందికి ఉంటే మోకాళ్లు నొప్పి పుడతాయి. చీర కట్టేవాళ్లకు అడ్డకమ్మి లేని సైకిలు, చైను కవరు, వెనక చక్రానికి జాలీ తప్పనిసరి.

ఆషాఢం గాలికి ఉపాయం

మన మెట్ట భూముల్లో ఎదురుగాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉంటే పెడలు ఒక్క చుట్టుకు సైకిలు సుమారు 5.4 మీటర్లు పోతుంది. ఫ్రీవీలు 20 పళ్లదైతే 4.9 మీటర్లే పోతుంది, కానీ కాలికి బరువు తగ్గుతుంది. బరువు మోసేవాళ్లు కొనేటప్పుడే 20 పళ్లది వేయించుకుంటే మంచిది. అవసరమైతే చైనుకు ఒకటి రెండు లింకులు కలపాలి.

ముళ్లు, నల్లమట్టి

సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరుకాయలు మన దావల్లో పంక్చర్లకు మూలం. పలుచని టైరు వద్దు. గాలి తగ్గించి తొక్కితే ట్యూబు నలిగి చిరుగుతుంది. టైరు పక్కన ముద్రించిన పీడనం దాటకుండా గాలి నిండుగా పెట్టండి. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు పట్టే సందు ఉందా చూడండి. లేకుంటే వానకు నల్లరేగడి మట్టి ఇరుక్కుని చక్రం తిరగదు. కమ్మి బ్రేకులు మొరటుగా ఉన్నా మన్నుతాయి. అయితే రిమ్ము తడిస్తే పట్టు తగ్గుతుంది, ముందుగానే నిదానించాలి.

పాతది కొనేటప్పుడు

హ్యాండిల్ కింద ఫ్రేము అతుకుల దగ్గర రంగు పగిలి ఉంటే లోపల బీటలు ఉండొచ్చు, వదిలేయండి. సైకిలు ఎత్తి చక్రం తిప్పండి. రిమ్ము బ్రేకు రబ్బరుకు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పోతే వంకర ఉన్నట్టే. పెడలు కమ్మిని పక్కకు ఊపండి, లొడలొడలాడితే గోళీలు, కప్పులు అరిగినట్టు. ముందు పళ్ల చక్రం మీది చైనును ముందుకు లాగితే పళ్ల నుంచి లేచి వస్తే చైను సాగినట్టు. ధర, మరమ్మతు కలిపి కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే మేలు. బిల్లు అడగండి, ఫ్రేము మీది నంబరు రాసిపెట్టుకోండి. దొంగ సొత్తు కొంటే సైకిలూ పోతుంది, పైకమూ పోతుంది.

లెక్క ఇలా వేయండి

6 వేలకు కొన్నారనుకుందాం. ఏడాదికి 300 రోజుల చొప్పున అయిదేళ్లు తొక్కితే రోజుకు 4 రూపాయలు. దానికి టైర్లు, పంక్చర్లు కలుపుకోండి. అదే సైకిలు ఏడాదికే మూలపడితే రోజుకు 20 రూపాయలు. తక్కువ ధర కన్నా ఎక్కువ మన్నికే చవక. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో అంతే వేశారా చూసుకోండి.

చివరిగా రెండు మాటలు. గురువారాలు, ఆరాధన రోజుల్లో మంత్రాలయం దారిలో బస్సులు, కార్లు ఎక్కువ. వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు బిగించండి, గడ్డిమోపు దాన్ని కప్పేయకుండా చూడండి. సుగ్గికి గుంటూరు వైపు పోయే కుటుంబాలు సైకిలును ఎండలో వదలక నీడలో పెట్టి, చైనుకు నూనె రాసి, చక్రాలు నేలకు ఆనకుండా వేలాడదీసి పోవాలి. తిరిగొచ్చేసరికి టైర్లు పగలకుండా ఉంటాయి.