బంకు కింద దాగిన ట్యాంకు

పెట్రోల్ బంకులో మనకు కనబడేది మీటరూ, నాజిలూ. అసలు సరుకంతా మన కాళ్ల కింద, భూమిలో పాతిన ట్యాంకుల్లో ఉంటుంది. సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి వెంట, మఠంపల్లి సిమెంటు లారీలు తిరిగే దారుల్లో అలాంటివి ఎన్నో. ఆ ట్యాంకులు కారితే ఏమవుతుందో, ఆ మురికిని ఎలా కడుగుతారో చెప్పే విశేషాలివి. బోరు నీళ్ల మీద బతికేవాళ్లు తెలుసుకోవాల్సినవి.

సెకనుకు ఒక్క చుక్క కారినా ఏడాదికి సుమారు 1,500 లీటర్లు పోతుంది. అంటే రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు. బంకులో రోజూ డిప్ రాడ్ ముంచి నిల్వ చూస్తారు కదా, దొరికిపోదా? అంత సులువుగా దొరకదు. 10,000 లీటర్ల పెట్రోలు ఒక్క డిగ్రీ చల్లబడితేనే దాదాపు పది లీటర్లు తగ్గినట్టు కనబడుతుంది. ఆ తేడాలో ఈ నాలుగు లీటర్లు కలిసిపోతాయి. ఒక్క రోజు లెక్కతో తేలదు. వారాల తరబడి లెక్కలు పక్కపక్కన పెట్టి చూసినవాడికే లీకు పట్టుబడుతుంది.

మన దేశంలో అమ్మే పెట్రోలులో బెంజీన్ ఒక శాతం మించకూడదు. ఆ ఒక్క శాతమే ఉందనుకున్నా లీటరుకు ఎనిమిది గ్రాముల పైమాటే. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. లెక్క కట్టి చూడండి. లీటరు పెట్రోలులోని బెంజీన్ ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దు దాకా తీసుకెళ్లగలదు. బెంజీన్ రక్తక్యాన్సర్ తెచ్చే పదార్థం.

పెట్రోలు నీటికన్నా తేలిక. నేలలోకి దిగి భూగర్భ జలం మీద తేలుతూ నిలుస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో నీళ్లు వదిలినప్పుడు బావుల్లో మట్టం పెరుగుతుంది, కట్టేశాక దిగిపోతుంది. అలాంటి చోట లీకు జరిగితే పెట్రోలు కూడా నీటితోపాటు దిగుతూ లేస్తూ ఆ మేర మట్టికంతా అంటుకుపోతుంది. అంటుకున్నదాన్ని మోటారు పెట్టి తోడలేం. మఠంపల్లి ప్రాంతంలో కింద ఉన్నది సున్నపురాయి కావడం ఇంకో చిక్కు. రాతి పగుళ్లలో కాలుష్యం వేగంగా పారుతుంది. ఏ పగులు ఎవరి బోరుకు కలుస్తుందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న ఉత్తర చెన్నైలోని తండయార్‌పేటలో 2013లో ఇళ్ల బోర్లలో నీటితోపాటు చమురు వచ్చింది. అక్కడ కారింది ట్యాంకు కాదు, భూమిలో వేసిన భారత్ పెట్రోలియం పైపులైను. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

వాసనను తేలిగ్గా తీసుకోకూడదని మెక్సికోలోని గ్వాడలహారా నగరం చెబుతుంది. పైపులైనుకు తుప్పుతో చిల్లుపడి పెట్రోలు మురుగు కాలువల్లోకి చేరింది. వాసన వస్తోందని జనం ముందే మొత్తుకున్నారు. 1992 ఏప్రిల్ 22న వీధులకు వీధులే పేలిపోయాయి. చనిపోయినవాళ్లు 200 మందికి పైగానే.

అమెరికాలోని సాంటా మోనికా నగరం 1996లో తన తాగునీటి బావుల్లో చాలావాటిని మూసేసింది. నగర నీటి సరఫరాలో దాదాపు సగం ఆగిపోయింది. కారణం పెట్రోలులో కలిపే ఎంటీబీఈ అనే రసాయనం బావుల్లోకి చేరడం. ఆ దేశంలో ఇప్పటికి అయిదు లక్షలకు పైగా ట్యాంకు లీకులు బయటపడ్డాయి. శుద్ధి ఖర్చుల కోసం గ్యాలనుకు సెంటులో పదోవంతు పన్ను వేసి 1986లోనే ఒక నిధి పెట్టారు. మనకూ అలాంటి నిధి ఉండాలని నా అభిప్రాయం. బంకు మూతపడ్డాక శుద్ధి భారం పక్క ఇంటి బోరు మీద పడకూడదు.

శుద్ధి ఎలా చేస్తారంటారా? ముందు ట్యాంకు ఖాళీ చేసి, తేలుతున్న పెట్రోలును తోడతారు. తర్వాత నేలలో గొట్టాలు దింపి ఆవిరిని పైకి లాగుతారు. ఆ ఆవిరిని పట్టుకోవడానికి వాడే వాటిలో కొబ్బరి చిప్పల నుంచి చేసిన యాక్టివేటెడ్ కార్బన్ ఒకటి. మిగిలిన పనిలో కొంత మట్టిలోని బ్యాక్టీరియా చేస్తుంది. గాలి అందిస్తే అది పెట్రోలును తినేస్తుంది. అయితే ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. బ్యాక్టీరియా ముందు ఇథనాల్‌నే తిని, ఉన్న ఆక్సిజన్‌ను దానికే ఖర్చుపెడుతుంది. బెంజీన్ మిగిలిపోయి ఇంకా దూరం పాకుతుంది.

తొందరగా తేలే పని కాదిది. అమెరికాలోని బెమిజీ దగ్గర 1979లో పైపులైను పగిలి ముడిచమురు నేలలోకి ఇంకింది. దాని అవశేషాలను శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా అక్కడే పరిశీలిస్తూ వస్తున్నారు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల ప్రకారం కొత్త బంకు బడులకు, ఆస్పత్రులకు, నివాస ప్రాంతాలకు కనీసం 50 మీటర్ల దూరంలో ఉండాలి. స్థలం కుదరకపోతే అదనపు జాగ్రత్తలు తీసుకోవాలి, అప్పుడు కూడా 30 మీటర్లకు తగ్గకూడదు.

బోరు నీళ్లలో పెట్రోలు వాసన వస్తే తాగకండి, కాచకండి. కాస్తే బెంజీన్ ఆవిరై ఇంట్లోకే వస్తుంది. బోరు దగ్గర అగ్గిపుల్ల గీయకండి. తహసీల్దారుకూ, కాలుష్య నియంత్రణ మండలికీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నీటిని పరీక్షించమని పట్టుబట్టండి. మూతపడిన బంకు స్థలం కొనేవాళ్లు పాత ట్యాంకు తీశారో లేదో అడిగి, కాగితం చూశాకే డబ్బు కట్టండి.