ఏటి యిసుకయు, బావి నీరును

ఏటిలో నిసుక యూరక పడియున్నది. త్రవ్వువారికి కూలి దొరకును, ఇల్లు కట్టువారికి పని జరుగును, ఇందు రైతునకు పోయిన దేమని యేటియొడ్డు గ్రామములలో మమ్ము పలువు రడుగుచుందురు. పోయినది నీరు. అది యెట్లో వివరించెదము.

పెన్న, చిత్రావతి, పాపఘ్ని వంటి నదులు సంవత్సరమున కొలది దినములే పారును. తక్కిన కాలమున పైకి ఎండి కనబడినను, ఇసుకలో నీరు మెల్లగా నడచుచునే యుండును. మన పూర్వు లిది యెఱిగియే యేటిలో ఊటకాలువలు త్రవ్వి ఆ నీటిని పొలములకు మళ్లించుకొనిరి. నీటితో నిండిన ముతక యిసుకనుండి దాని పరిమాణములో సుమారు నాలుగవవంతు నీరు తనంతట దిగివచ్చును. ఒక యెకరము మేర ఒక మీటరు మందమున నిసుక 4,000 ఘనపు మీటర్లకు పైగా నుండును. అందు నాలుగవవంతనగా సుమారు 10 లక్షల లీటర్ల నీరు. రెండంగుళముల తడి చొప్పున ఇంచుమించు 5 ఎకరములకు ఒక తడి. ఇసుక మరల మేటవేయువఱకు ఈ తడి యేటేట పోవుచునే యుండును.

గోతిలో మాత్రము నీరు నిలువదా యని కొంద రందురు. నిలుచును. కాని యిసుకలో రెండు మూడడుగుల దిగువనున్న నీటిని ఎండ అంతగా హరింపజాలదు. గోతినీరు వేసవిగాలికి త్వరగా నిగిరిపోవును. అడుగున ఒండ్రు పేరుకొని, నేలలోనికి ఇంకుటయు తగ్గును.

ఇంతకంటె పెద్ద నష్ట మింకొకటి గలదు. చెఱువు తూమును రెండు గజములు దిగువకు దింపిన చెఱువేమగునో మన మెఱుగుదుము. ఏటిమట్టము దిగినను అట్లే ఒడ్డు నేలలోని నీ రేటిలోనికి జాఱిపోవును. ఇక బావి లోతు చేయవలెను, మోటారు మార్చవలెను. అందులకై సంఘమున తీసికొన్న ఋణమును, దాని వడ్డీయు రైతు పద్దున బడునుగాని గుత్తదారు పద్దున బడవు. గోతి యంచున దుముకు వరదనీరు ఏటిగర్భమును ఎగువకు కోసికొనుచు పోవును గనుక, త్రవ్వినచోటికి దూరముననున్న వంతెనలకును ఆనకట్టలకును భయమే. ఎగువ జలాశయము లిసుకను పట్టియుంచుటచే మేటవేయుటయు నానాటికి మందగించుచున్నది.

చట్టములు లేకపోలేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము భూగర్భజలమునకు హాని గలుగుచోట ఇసుక త్రవ్వకమును నియంత్రించుట కధికార మిచ్చుచున్నది. 2012లో సుప్రీముకోర్టు, 5 హెక్టారులకు లోబడిన గుత్తలకును పర్యావరణానుమతి వలయునని చెప్పినది. 2016 నాటి కేంద్ర మార్గదర్శకముల ప్రకారము త్రవ్వకము 3 మీటర్ల లోతునుగాని నీటిమట్టమునుగాని, ఏది తక్కువయో దానిని దాటరాదు. ఇండ్లు కట్టుట మానుడని మే మనము. రాతిని నలిపి చేసిన యిసుకయు నిపు డున్నది; అది కొండకు గాయమే యనుటయు నిజమే.

చట్టమును అడుగబోవు రైతుచేత లెక్క యుండవలెను. ప్రతినెల మొదటి దినమున, మోటారు వేయకమునుపు, త్రాటికి బరువుకట్టి బావి ఒరనుండి నీటివఱకు కొలిచి పుస్తకమున వ్రాయుడు. ఏటికి దూరముగనున్న బావి నొకదానిని గూడ కొలువుడు. వానలు తప్పినచో రెండును తగ్గును; యొడ్డుబావి మాత్రమే తగ్గుచు వచ్చినచో, ఆ పుస్తకమును గ్రామసభ ముందుంచుడు.