డేటాబేస్ బ్యాకప్: ఒక్క క్లిక్‌తో బుకింగ్‌లన్నీ మాయం.. హోస్టింగ్ అకౌంట్‌లో చెయ్యి పెట్టే ముందు ఈ ఫైల్ మీ దగ్గర ఉందా?

విశాఖ నుంచి అరకు రైలెక్కితే బొర్రా గుహల కంటే ముందే వచ్చే చిన్న స్టేషన్ టైడా. రోడ్డు మీదైతే సుమారు 75 కిలోమీటర్లు. ఏపీ టూరిజం వాళ్ల జంగిల్ బెల్స్ కాటేజీలు ఉన్నది ఇక్కడే. చలికాలం వచ్చిందంటే ఈ ఘాట్ దారంతా టూరిస్టులే. ఇలాంటి చోట ఓ హోమ్‌స్టేనో, నాలుగు టెంట్లో నడిపేవాళ్లు సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకుని బుకింగ్‌లు తీసుకుంటున్నారనుకుందాం. డిసెంబర్ చివరి వారం. పొద్దున్నే సైట్ తెరిస్తే తెల్ల పేజీ మీద ఒకే ఒక్క లైన్.. 'ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఎ డేటాబేస్ కనెక్షన్'. ఏ రోజు ఎవరొస్తున్నారు, ఎవరు అడ్వాన్స్ కట్టారు.. ఏదీ కనిపించదు. అప్పుడేం చేయాలి?

అసలు డేటాబేస్ ఎక్కడుంటుంది?

చాలామంది వెబ్‌సైట్ అంటే అంతా ఒకే చోట ఉంటుందనుకుంటారు. కానీ కాదు. ఫొటోలు, డిజైన్ ఫైళ్లు హోస్టింగ్‌లోని ఫోల్డర్లలో ఉంటాయి. పేజీల్లోని రాత, కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, బుకింగ్ తేదీలు మాత్రం మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో విడిగా ఉంటాయి. వర్డ్‌ప్రెస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే అందులో 12 టేబుల్స్ తయారవుతాయి. బుకింగ్ ప్లగిన్ పెడితే అది తన టేబుల్స్ తాను కలుపుకుంటుంది. అంటే ఫోల్డర్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నా బుకింగ్ ఒక్కటి కూడా అందులోకి రాదు!

ఎర్రర్ వస్తే డేటా పోయినట్టేనా?

చాలాసార్లు కాదు. సైట్‌కు, డేటాబేస్‌కు మధ్య తాళం కుదరడం లేదని మాత్రమే అర్థం. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అనే ఫైల్‌లో డేటాబేస్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్, సర్వర్ పేరు ఉంటాయి. సీప్యానెల్‌లో 'మైఎస్‌క్యూఎల్ డేటాబేసెస్' తెరిచి ఆ పేర్లు సరిపోతున్నాయో లేదో చూడాలి. పాస్‌వర్డ్ అక్కడ కనిపించదు. అనుమానం ఉంటే కొత్తది పెట్టి, అదే ఫైల్‌లోనూ మార్చాలి. యూజర్‌ను ఆ డేటాబేస్‌కు జత చేయడం మరిచిపోయినా ఇదే ఎర్రర్ వస్తుంది. అన్నీ సరిగ్గానే ఉంటే సర్వర్ డౌన్ అయిందేమో హోస్టింగ్ వాళ్లనే అడగాలి.

అసలు ప్రమాదం ఇక్కడే. కంగారులో 'తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దాం' అని రిమూవ్ కొట్టేస్తారు. ఇన్‌స్టాలర్లలో డేటాబేస్‌ను కూడా తొలగించే ఆప్షన్‌కు ముందే టిక్ పెట్టి ఉండొచ్చు. ఇక పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఎంప్టీ, డ్రాప్ అని రెండు బటన్లుంటాయి. ఎంప్టీ నొక్కితే టేబుల్ ఉంటుంది, లోపలి సమాచారం పోతుంది. డ్రాప్ నొక్కితే టేబులే పోతుంది. 'ఖాయమా?' అని ఒకసారి అడుగుతుంది.. అంతే. రీసైకిల్ బిన్ లాంటిది అక్కడ లేదు.

బ్యాకప్ ఎలా తీసుకోవాలి?

పని పెద్దదేం కాదు. పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరిచి, ఎడమ వైపు డేటాబేస్ పేరు నొక్కి, ఎక్స్‌పోర్ట్‌లోకి వెళ్లి, క్విక్, ఎస్‌క్యూఎల్ ఎంచుకుని ఓకే చేస్తే ఒక ఫైల్ డౌన్‌లోడ్ అవుతుంది. కాకపోతే కొండల్లో సిగ్నల్ సంగతి తెలిసిందే. డౌన్‌లోడ్ సగంలో ఆగినా ఫైల్ మాత్రం ఫోల్డర్‌లో బుద్ధిగా కనిపిస్తుంది. అందుకే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చివరి లైన్లు చూడాలి. మాట మధ్యలో తెగిపోయి ఉంటే మళ్లీ తీసుకోవాల్సిందే.

ఆ ఫైల్‌ను అదే హోస్టింగ్ అకౌంట్‌లో దాచి ఊరుకుంటే లాభం లేదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్‌లో మంటలు చెలరేగి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు కానీ, బ్యాకప్‌లు కూడా అక్కడే పెట్టుకున్న కస్టమర్లకు వెనక్కి తెచ్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. కాబట్టి ఒక కాపీ సొంత ల్యాప్‌టాప్‌లో, ఇంకొకటి డ్రైవ్‌లో ఉండాలి. వాట్సాప్ గ్రూపులో మాత్రం వేయొద్దు. కస్టమర్ల ఫోన్ నంబర్లన్నీ ఆ ఫైల్‌లోనే ఉంటాయి!

తీసిన బ్యాకప్ పనిచేస్తుందా అన్నది మరో ప్రశ్న. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఇంజినీర్ ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశారు. పెట్టుకున్న బ్యాకప్ పద్ధతులు ఒక్కొక్కటిగా చేతులెత్తేశాయి. చివరికి సుమారు ఆరు గంటల ముందటి కాపీతో బయటపడ్డారు. అంత పెద్ద సంస్థకే అలా అయింది. కాబట్టి కొత్తగా ఖాళీ డేటాబేస్ ఒకటి చేసి, ఫైల్‌ను అందులోకి ఇంపోర్ట్ చేసి చూసుకోవడం మేలు.

తెలుగు అక్షరాలు జాగ్రత్త

ఇంపోర్ట్ అయ్యాక తెలుగు పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తే టేబుల్ పాత లాటిన్1 పద్ధతిలో ఉందని అనుమానించాలి. అలా ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిన అక్షరాలు తిరిగి రావు. బ్యాకప్ నుంచే మళ్లీ ఎక్కించాలి. కొత్త డేటాబేస్‌కు యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకుంటే తెలుగుతో పాటు ఎమోజీలు కూడా నిలుస్తాయి.

అకౌంట్ ఎవరి పేరు మీద ఉంది?

ఇది టెక్నికల్ విషయం కాదు కానీ ఎక్కువ మందిని ముంచేది ఇదే. సైట్ తయారు చేసిన కుర్రాడు తన మెయిల్ ఐడీతోనే హోస్టింగ్ కొనేస్తాడు. తర్వాత అతను వేరే ఉద్యోగంలోకి వెళ్తాడు, రెన్యువల్ మెయిల్ అతనికే పోతుంది, గడువు దాటాక కొన్నాళ్లకు హోస్టింగ్ వాళ్లు ఫైళ్లు, డేటాబేస్ రెండూ తొలగిస్తారు. సీజన్ మొదలుకాక ముందే అకౌంట్‌లోని మెయిల్, ఫోన్ నంబర్ యజమాని పేరు మీదకు మార్చుకోవాలి. డొమైన్ వేరే కంపెనీలో కొని ఉంటే అక్కడ కూడా విడిగా మార్చాలి.