సారపప్పు కొంటున్నారా? చెట్టు సంగతీ వినండి!

సేమ్యా పాయసంలోనో, బాసుందిలోనో, రంజాన్ నాటి షీర్ ఖుర్మాలోనో నాలుగు సారపప్పులు పడితే ఆ రుచే వేరు. కానీ కొట్లో చిన్న పొట్లం కొనేటప్పుడు "అమ్మో, ఇంత ధరా!" అనుకోని ఇల్లాలు ఉండదు. ఈ మధ్య పెద్ద కొట్లలో చిల్‌గోజా అనే పైన్ గింజలూ కనిపిస్తున్నాయి. అవి హిమాలయాల చలిలో కాసేవి. మన ఎండలకు తగిన పప్పు మన అడవిలోనే ఉందండీ!

ఖమ్మం దాటి భద్రాచలం వైపు వెళితే అడవిలో కనిపించే మొర్రి చెట్టే ఈ సారపప్పు చెట్టు. మామిడి, జీడిమామిడి దీనికి చుట్టాలు. ఏప్రిల్, మే నెలల్లో కాయలు పండి నల్లబడతాయి. తియ్యటి పండు పిల్లలకు చిరుతిండి, లోపలి గింజ గిరిజన కుటుంబాలకు నాలుగు డబ్బులు.

పప్పు ఊరికే రాదు. పండ్లను రాత్రంతా నానబెట్టి, తొక్క పోయేలా రుద్ది కడిగి, పిక్కల్ని బాగా ఎండబెట్టాలి. తర్వాత పప్పు నలగకుండా తిరగలిలో పగలగొట్టి, చేటతో చెరగాలి. ఆ శ్రమంతా చాలావరకు ఆడవాళ్లదే.

అసలు బాధ ఇంకోటుంది. సారపప్పు దొరికే చాలా అడవుల్లో, తాము ఆగితే ఇంకొకరు కోసుకుపోతారన్న భయంతో పచ్చికాయలే దులిపేస్తున్నారు, కొమ్మలూ నరికేస్తున్నారు. గింజ నేల రాలకపోతే కొత్త మొక్క ఎలా వస్తుంది? పండాకే కోసి, కొమ్మను కాపాడి, కొన్ని పండ్లు చెట్టుకే వదిలితే ఏటా కాపు ఉంటుంది.

2006 అటవీ హక్కుల చట్టం ఇలాంటి అటవీ ఫలసాయంపై అడవి బిడ్డలకు హక్కిచ్చింది. 2020లో కేంద్రం పిక్కలకు కిలో 126 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. న్యాయమైన ధర చేతికందితే పచ్చికాయ కోసే తొందర తగ్గుతుంది.

మరి మనమేం చేయాలి? కొనేటప్పుడు చూడండి. ముదిరిన పప్పు నిండుగా ఉంటుంది. ముడతలు పడి, పీలగా ఉన్నది లేతకాయది కావచ్చు, వద్దనండి. సగం బరువు నూనే కాబట్టి త్వరగా కనరెక్కుతుంది. కొద్దికొద్దిగా కొని, గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. పొలం ఉన్నవారు గట్టున రెండు మొక్కలు నాటించండి. కాపుకు కొన్నేళ్లు పడుతుంది, ఓపిక పట్టాలి మరి!

ఈసారి పాయసంలో సారపప్పు వేస్తూ, దాన్ని చెరిగిన ఆ చేతుల్నీ ఒక్కసారి తలచుకోండి.