ఊతకర్ర మొరాయిస్తే!

ఎడ్లబండి తోలినవారికి, తోలినవారిని చూచినవారికి కూడా ఒక సంగతి తెలుసు. ఎడ్లను విప్పిన తర్వాత బండి తనంత తాను నిలబడలేదు. రెండే చక్రాలాయె! అందుకని నొగ కింద ఒక ఊతకర్ర పెట్టి, ముందు భాగం నేలకు వాలకుండా చూస్తారు. ఆ కర్రకు ధర ఏమంత లేదు. కాని అది జారితే బండిలోని సరుకంతా నేలపాలు.

ఈ ఊతకర్రకు అమెరికాలో ఒక పెద్దింటి చుట్టం వున్నాడు. అతనికి విద్యుత్తు కావాలి, గ్రీజు కావాలి, మరమ్మతు కావాలి. అన్నీ వున్నా ఒక్కొక్కప్పుడు మొరాయిస్తాడు.

చక్రాలమీద సంసారం

కారుకో, పికప్ ట్రక్కుకో వెనుక తగిలించుకొని లాగుకుపోయే ఇంటిని అక్కడివారు ట్రావెల్ ట్రెయిలర్ అంటారు. అందులో మంచాలు, పొయ్యి, ఫ్రిజు, స్నానాలగది అన్నీ అమర్చి వుంటాయి. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం వీటి తయారీకి ప్రసిద్ధి. 1954లోనే ఇటువంటి బండితో కొత్త దంపతులు పడిన పాట్లమీద 'ది లాంగ్, లాంగ్ ట్రెయిలర్' అనే హాస్యచిత్రం వచ్చింది. 1969లో చంద్రయాత్ర చేసి వచ్చిన ముగ్గురు వ్యోమగాములనూ ముందుగా బంధించి వుంచింది రూపు మార్చిన ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలరులోనే! చంద్రలోకంనుంచి ఏ రోగమైనా వెంట తెచ్చారేమోనన్న భయమే దానికి కారణం.

అమెరికాలో స్థిరపడిన మనవారు కూడా సెలవులకు వీటిని అద్దెకు తీసుకొంటున్నారు. కొందరు సొంతానికి కొంటున్నారు. ఊరినుంచి వచ్చిన అమ్మా నాన్నలకు పప్పూ చారూ వండిపెడుతూ ఎల్లోస్టోన్ చూపించవచ్చు గదా! ఆ వనంలో ఫిషింగ్ బ్రిడ్జి అనే విడిదిలో గుడారాలు వేయనివ్వరు. ఎలుగుబంట్లు తిరిగే చోటు గనుక గట్టి గోడలున్న బండ్లకే అక్కడ అనుమతి.

ట్రెయిలరు ముందు భాగాన రెండు ఇనుప దూలాలు కోణంగా వచ్చి కలుస్తాయి. అదే దాని నొగ. వారి భాషలో 'నాలుక'. నొగ చివర బోర్లించిన గిన్నెవంటి బిగింపు వుంటుంది. అది ట్రక్కు వెనుకనున్న ఇనుప గుండుమీద కూర్చుంటుంది. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ఈ నొగమీద పడాలని నియమం. అంటే 2,700 కిలోల బండి అయితే 270 నుంచి 400 కిలోల దాకా! ఆ బరువును ఎత్తి దించే సాధనమే విద్యుత్ జాక్.

లోపల ఏమున్నది?

చూడటానికి నిలువుగా నిలబెట్టిన ఇనుప గొట్టం. పైన ఒక పెట్టె, పెట్టెలో 12 వోల్టుల మోటారు. మోటారు తిరిగితే పళ్లచక్రాలు తిరుగుతాయి. అవి ఒక పొడుగాటి మరను తిప్పుతాయి. ఆ మర లోపలి గొట్టాన్ని కిందికి తోస్తుంది, లేదా పైకి లాగుతుంది. మీట ఒకవైపు నొక్కితే పైకి, రెండోవైపు నొక్కితే కిందికి. సామాన్యంగా వాడే జాకులు 3,500 పౌండ్లు, అనగా సుమారు 1,600 కిలోలు ఎత్తగలవు. కాలు 18 అంగుళాల మేర సాగుతుంది.

దీనికి విద్యుత్తు నొగమీదనే వుండే బాటరీనుంచి వస్తుంది. దారిలో చాలావాటికి 30 ఆంపియర్ల ఫ్యూజు వుంటుంది. వచ్చే దారికి తీగ కనిపిస్తుంది. తిరిగిపోయే దారికి చాలా జాకులలో తీగే వుండదు! జాకును నొగకు బిగించిన బోల్టులద్వారా, ఆ ఇనుములోనుంచే విద్యుత్తు బాటరీకి మరలి వెళ్లాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. సగం తగాదాలు ఇక్కడే వుంటాయి.

చేయి పెట్టేముందు

జాకు మొరాయించిందనగానే మీట పదిసార్లు నొక్కడం మానవ స్వభావం. అంతకుముందు చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టాలి. నొగ కింద చేతులు గాని కాళ్లు గాని పెట్టరాదు; పిల్లలను దూరంగా వుంచాలి. జాకును విప్పవలసి వస్తే, నొగ బరువును ముందు ట్రక్కు గుండుమీదకో, గట్టి స్టాండుమీదకో మార్చాలి. వందల కిలోల ఇనుము జారితే చిన్న దెబ్బతో పోదు సుమా!

తర్వాత చూడవలసింది జాకును కాదు, చుట్టుపక్కల. బండి మూలల కింద కదలకుండా నిలిపే కాళ్లు ఇంకా నేలకు ఆని వున్నాయా? గుండుమీది బిగింపు గొళ్లెం తీశారా? తీయకపోతే జాకు ట్రెయిలరుతోపాటు ట్రక్కు వెనుక భాగాన్ని కూడా ఎత్తబోతుంది. పాపం, ఫ్యూజు కాలిందంటే తప్పు దానిదా?

లక్షణాన్నిబట్టి చికిత్స

వైద్యుడు నాడి చూచినట్లు, జాకు ఏ విధంగా మొరాయిస్తున్నదో ముందు గమనించాలి.

దీపమూ లేదు, చప్పుడూ లేదు. ఇది బాటరీ, ఫ్యూజు, తీగల తగాదా. మామూలు సీసపు బాటరీ నిండుగా వుంటే మీటరులో 12.6 వోల్టులు చూపుతుంది; 12కు దిగితే చాలావరకు ఖాళీ అయినట్లే. లిథియం బాటరీకి ఈ లెక్క వర్తించదు. కొన్ని బండ్లలో బాటరీని కత్తిరించే స్విచ్చి కట్టేస్తే జాకు కూడా ఆగిపోతుంది. ఫ్యూజును కంటితో చూచి బాగున్నదనుకోవద్దు. రెండు కొసలా మీటరు పెట్టి చూడాలి. బాటరీ కొసలకు తెల్లగానో పచ్చగానో బూజు పట్టి వుంటే శుభ్రం చేయాలి.

ఒకవైపే తిరుగుతుంది. రెండోవైపు కిక్కురుమనదు. అయితే మోటారు బాగానే వున్నట్లు, మీటను అనుమానించాలి. దించడానికి తిరిగి, బరువు ఎత్తేటప్పుడు మాత్రం మూలుగుతుంటే, విద్యుత్తు చాలడం లేదన్నమాట.

మోటారు గిర్రున తిరుగుతుంది, కాలు కదలదు. లోపల పళ్లచక్రమో, దానిని పట్టివుంచే పిన్నో తెగివుంటుంది.

ఫ్యూజు మాటిమాటికీ కాలుతుంది. తీగ ఎక్కడో ఒరుసుకొని ఇనుమును తాకుతూ వుండవచ్చు. కాలు వంగి వుండవచ్చు. గ్రీజు ఎండిపోయి వుండవచ్చు. అంతేగాని, 30 కాలిందని 50 ఆంపియర్ల ఫ్యూజు పెట్టడం మాత్రం కూడదు. ఫ్యూజు కాలకపోతే తీగ కాలుతుంది.

దీపం చెప్పే అబద్ధం

అన్నిటికంటె మోసగించే లక్షణం మరొకటి వున్నది. దీపం వెలుగుతుంది, మోటారు తిరగదు. మా అక్క కొడుకు టెక్సాసులో వుంటాడు. కిందటేడు ఒకరు వాడిన ట్రెయిలరు కొన్నాడు. అమ్మినవారు నొగకు నల్లరంగు పూయించి, జాకును మళ్లీ బిగించి ఇచ్చారు. మొదటి ప్రయాణంలోనే, చీకటిపడే వేళ, విడిదిలో అది కదలనన్నది. అప్పుడు మా బావగారు అక్కడే వున్నారు. ఆయన తెనాలిలో ముప్పయ్యేళ్లు పొలాల మోటార్లు బాగుచేసిన మనిషి.

"మోటారు పోయింది నాన్నా! కొత్తది తెప్పిస్తాను" అన్నాడట కొడుకు, ఫోను చేత పట్టుకొని.

"మోటారు పోయిందని నీకెవరు చెప్పార్రా?"

"దీపం వెలుగుతూనే వుంది గదా! కరెంటు వస్తున్నట్టే గదా!"

"ఒరేయ్, దీపానికి చెంచాడు చాలు. మోటారుకు బిందెడు కావాలి. చెంచాడు వచ్చే దారిలో బిందెడు వస్తుందా?"

ఆయన అడిగింది ఒక మీటరు. ఒక ముల్లు బాటరీ రుణ కొసకు, రెండోది జాకు ఇనుముకు ఆనించి, మీట నొక్కమన్నారు. తిరుగుదారి బాగుంటే మీటరు సున్నాకు దగ్గరగా వుండాలి. అర వోల్టు చూపినా అనుమానించవలసిందే. అక్కడ చాలా ఎక్కువే చూపింది. దారికి అడ్డం పడినది ఆ కొత్త నల్లరంగు! రంగులోనుంచి విద్యుత్తు పోదు.

మోటార్ల మరమ్మతులో ఇది పాత సూత్రమే. ఖరీదైన వస్తువును అనుమానించేముందు చవకైన దారిని చూడాలి. కొత్త జాకుకు వందల డాలర్లు పోయాలి. గరుకు కాగితం ముక్కకు ఏమవుతుంది? నొగను ట్రక్కు గుండుమీదకు దించి, జాకు బోల్టులు విప్పి, ఇనుము తళతళలాడేదాకా గీకి, పళ్ల వాషర్లు వేసి గట్టిగా బిగించారు. తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు పూశారు. ఆ పాత జాకే ఇప్పటికీ పనిచేస్తున్నది.

మీటరు లేనివారు లావుపాటి తీగతో బాటరీ రుణ కొసను జాకు ఇనుముకు కలిపి చూడవచ్చు. అప్పుడు మోటారు తిరిగిందంటే దోషం తిరుగుదారిదే.

చేతిపిడి అనే ఆపద్బంధువు

ఏమి చేసినా తిరగకపోతే? చాలా జాకుల నెత్తిన ఒక రబ్బరు బిరడా వుంటుంది. అది తీసి, కూడా ఇచ్చిన చేతిపిడిని దూర్చి తిప్పితే కాలు మెల్లగా కదులుతుంది. తిప్పేముందు ఫ్యూజు తీసివేయండి. పిడి లోపల వుండగా ఎవరైనా మీట నొక్కితే, అది గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. లోపలి పళ్లే తెగిపోతే పిడి కూడా పనిచేయకపోవచ్చు. అప్పుడు నొగ దూలం కింద, గట్టి నేలమీద, వేరే జాకు పెట్టి ఎత్తాలి.

ఇంతదాకా రాకుండా చేయడం కష్టమేమీ కాదు. మరకు, పళ్లకు తయారీదారు చెప్పిన ప్రకారం గ్రీజు పెట్టాలి. వానలో పైపెట్టెకు తొడుగు వేయాలి. పాదం కింద చెక్కదిమ్మ వేస్తే కాలు అంతగా సాగవలసిన అవసరం వుండదు. కాలు పూర్తిగా సాగిన తర్వాత, పూర్తిగా ముడుచుకొన్న తర్వాత కూడా మీట వదలకుండా నొక్కేవారున్నారు. మోటారుకు అంతకంటె శిక్ష లేదు. ప్రయాణానికి ముందురోజు ఇంటి వాకిట్లోనే ఒకసారి ఎత్తి దించి చూడండి.

ఇక ఆ చేతిపిడి. దానిని సామాను అడుగున పడవేయకుండా, చేతికందే చోట వుంచండి. అది ఎక్కడున్నదో ఇంటాయనకే కాదు, ఇల్లాలికీ, ఎదిగిన పిల్లలకూ కూడా తెలిసివుండాలి. వాన కురుస్తున్న రాత్రి, ఊరుకాని ఊళ్లో, పెద్దవాళ్లు బండిలో చలికి ముడుచుకొని కూర్చున్న వేళ, దానిని వెతకడానికి దీపం పట్టేవారు కూడా దొరకరు.