నిన్నటి లెక్కతో రేపటి లక్ష్యం

ప్రతి జనవరికీ నాదొకటే ప్రతిజ్ఞ: రోజూ రెండు గంటలు చదివి క్లౌడ్ సర్టిఫికేషన్ పూర్తి చెయ్యాలి. వరసగా మూడేళ్ళు ఫిబ్రవరి దాటలేదు. రాత్రి తొమ్మిదింటికి హైదరాబాదు టీంతో కాల్ ఉంటే చదువెక్కడ సాగుతుంది? పైగా "నాన్నకి పరీక్షుంది" అని మా అమ్మాయి నాతో ఆడుకోవడం కూడా మానేసింది.

లోపం పట్టుదలలో కాదు, ఎస్టిమేషన్‌లో ఉంది. ఆఫీసులో గత స్ప్రింట్‌లో ఎంత పని పూర్తయిందో చూడకుండా వచ్చే స్ప్రింట్‌కి మాటివ్వం కదా! ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌లో దీన్నే 'నిన్నటి వాతావరణం' అంటారు. పోయినసారి ఎంత చేశామో ఈసారీ అంతే చేస్తామని అనుకోవడం.

నాలుగు వారాలపాటు నిజంగా చదివిన గంటలు రాసుకున్నాను. వారానికి 3 తేలాయి. సిలబస్‌కి 90 గంటలు కావాలి. నా ప్రతిజ్ఞ ప్రకారం 45 రోజులు. నా అసలు వేగంతో 30 వారాలు!

అలాగని మరీ సులువైన లక్ష్యమూ పనికిరాదు. "చేతనైనంత చెయ్యండి" అనడం కన్నా స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యమే ఎక్కువ పని చేయిస్తుందని ఎడ్విన్ లాక్ 1968లోనే రాశారు. అందుకే 3 గంటలని 4 చేశాను: శని, ఆదివారాల్లో పాప లేవకముందు రెండేసి గంటలు. అంటే 23 వారాలు.

మధ్యలో ఒక రిలీజ్ రెండు వారాలు మింగేసింది. 25వ వారంలో పాసయ్యాను. సాయంత్రాలు మా అమ్మాయివే.

మీరూ ముందు నాలుగు వారాల లెక్క రాయండి. దానిమీద ఒక్క మెట్టు ఎక్కండి, పది కాదు.